టెన్షన్ తగ్గించుకోమనే డాక్టర్లకు, ఒక మందుల షాపు నుంచి

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రాక్టీసు చేస్తున్న జనరల్ ఫిజీషియన్లకు, గుండె డాక్టర్లకు, గ్యాస్ట్రో డాక్టర్లకు,

నమస్కారమండి.

నేను పశ్చిమ గోదావరి వైపు ఒక చిన్న ఊళ్ళో 22 ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. మీరు రాసే చీటీలు చివరికి చేరేది మా కౌంటర్ మీదికే. మీ చేతిరాత మీ ఇంట్లోవాళ్ళకన్నా మాకే బాగా అలవాటు. దాంతోపాటు మీ చెవిన పడని ఒక మాట కూడా మా చెవిన పడుతుంటుంది. మీ గదిలోంచి బయటికొచ్చిన మనిషి మొదట అనే మాట అది.

"ఏమీ లేదన్నారండి."

ఆ మాట అంటున్నప్పుడు మొహం వెలగాలి కదా. వెలగదు. రిపోర్టుల కవరు కౌంటర్ మీద పెట్టి నిలబడతాడు. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, థైరాయిడ్ నార్మల్, ఎండోస్కోపీలో కాస్త ఎర్రగా ఉందన్నారు. "టెన్షన్ తగ్గించుకోమన్నారు" అని ఇంకో మాట కలుపుతాడు. నేను మందులు తీస్తుంటే, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతాడు: "అది ఎలా తగ్గించుకోవాలండీ?"

మీ చీటీలో దానికి జవాబు ఉండదు. మూడు మందులుంటాయి. పరగడుపున గ్యాస్ మాత్ర, మధ్యాహ్నం బి కాంప్లెక్స్, రాత్రికి మత్తుగా నిద్ర పట్టించే ఆల్ప్రజోలం 0.25. మా షాపు కుర్రాడు దీనికి "టెన్షన్ సెట్టు" అని పేరు పెట్టాడు. చీటీ చూడగానే "అన్నా, సెట్టు" అంటాడు, నేను మూడు డబ్బాల్లో చెయ్యి పెడతాను. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ సెట్టు నాకే రాసిన రోజు నవ్వు రాలేదు.

2018 ఎండాకాలం. నాన్న గుండెపోటుతో పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. రాత్రి పదిన్నరకి షట్టర్ సగం దించి లెక్క చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ కూడా. ఊపిరి చాలడం లేదు. నాన్న వంతు అయింది, ఇక నా వంతు అనుకున్నాను. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీసి బాగుందన్నారు. నాలుగు రోజులకి మళ్ళీ అదే. ఏడు నెలల్లో 6 ఈసీజీలు, 2 ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్ పరీక్ష, ఒక ఎండోస్కోపీ. నలుగురు డాక్టర్లు. నలుగురూ మంచివాళ్ళే, ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు. నలుగురూ చెప్పింది ఒకటే: ఏమీ లేదు, టెన్షన్ పెట్టుకోకు.

ఏమీ లేకపోతే మరి ఈ దడ ఏమిటి? "ఏమీ లేదు" అన్నది మీ వైపు నుంచి శుభవార్త. రోగికి అది రెండు రకాలుగా వినిపిస్తుంది. ఒకటి, నువ్వు నాటకాలాడుతున్నావని. రెండు, ఏదో ఉంది కానీ వీళ్ళకి దొరకలేదని. నాకు రెండోది వినిపించింది. చొక్కా జేబులో సార్బిట్రేట్ స్ట్రిప్, అదే గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, పెట్టుకు తిరగడం మొదలుపెట్టాను. నా షాపే కదా, అడిగేవాడు లేడు. మెట్లెక్కడం మానేశాను. కాఫీ మానేశాను. చివరికి కొవ్వూరు దగ్గర రోడ్డు కం రైలు బ్రిడ్జి దాటడం మానేశాను. అంత పొడుగు బ్రిడ్జి మధ్యలో దడ వస్తే ఎటు పరిగెత్తాలి? మా అక్కావాళ్ళు ఉండేది రాజమండ్రిలో. ఆ ఏడు మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి మేనమామ రాలేదు. షాపు వదిలి రావడానికి కుదరలేదని చెప్పాను. అక్క ఏమీ అనలేదు. అదే బాధ.

చివరికి మా బావే సిటీలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, కారులో కూర్చోబెట్టుకుని మరీ తీసుకెళ్ళాడు. వెళ్ళడానికి నేను ఒప్పుకోలేదు. మా వైపు ఎవడైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి వైజాగ్ పంపాలి" అంటారు. తెలంగాణ వైపు అదే మాటకి ఎర్రగడ్డ పేరు వాడతారు. రెండు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్ని తిట్లుగా మార్చుకున్న జాతి మనది. నేను మాత్రం దానికి అతీతుణ్ణా?

ఆవిడ ముందు నా రిపోర్టులన్నీ చదివింది. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఇది: "గుండె బాగుందని నలుగురు చెప్పారు కదా, ఆ మాటని ఎన్ని గంటలు నమ్మారు?" లెక్క వేసుకుంటే ఒక పూట. ఆవిడ కాగితం మీద ఒక గుండ్రం గీసింది. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, అది హార్ట్ ఎటాక్ అనుకుంటాం, భయం వేస్తుంది, భయానికి అడ్రినలిన్ ఊరుతుంది, దాంతో గుండె ఇంకా వేగం అందుకుంటుంది, "చూశావా, నిజమే" అనుకుంటాం. గుండ్రం పూర్తయింది. ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1986లో పానిక్, అంటే ఇలా ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, గురించి రాసిన వ్యాసంలోది ఆ గుండ్రమేనని తర్వాత చదువుకున్నాను. ఫార్మసీ చదివినవాణ్ణి, అడ్రినలిన్ నాకు తెలియనిదా? తెలుసు. నా ఒంట్లో జరుగుతున్నది అదేనని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలమంది. నలభై సెకన్లకే వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి. మూతి చుట్టూ అదే జివ్వుమనడం, అదే కళ్ళు తిరగడం. ఏడు నెలలుగా నన్ను చంపుతున్న జబ్బుని ఆవిడ ఒక నిమిషంలో తయారుచేసి నా చేతిలో పెట్టింది. గబగబా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అందుకే ఆ తిమ్మిరి అని చెప్పింది. ఇంటికెళ్ళి రోజూ ఇదే చెయ్యమంది. మెట్లు ఎక్కి దిగమంది. సార్బిట్రేట్ షాపులోనే వదిలెయ్యమంది. దానికి మాత్రం నాకు రెండు వారాలు పట్టింది. "ఆ స్ట్రిప్పు మిమ్మల్ని కాపాడటం లేదు, మీ భయాన్ని కాపాడుతోంది" అంది. ఆఖరి హోంవర్కు బ్రిడ్జి. కొవ్వూరులో ఆర్టీసీ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, జేబు ఖాళీగా పెట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. దడ వచ్చింది. బస్సు నడుస్తూనే ఉంది, నేనూ కూర్చునే ఉన్నాను. అవతలి గట్టు చేరేసరికి అదే తగ్గిపోయింది. మూడు నెలల్లో 8 సార్లు వెళ్ళాను, అంతే.

ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆవిడ నాకు చేసింది ఓదార్పు కాదు, వైద్యం. దానికి డోసు ఉంది, కోర్సు ఉంది, ఎప్పుడు ఆపాలో లెక్క ఉంది. మొదటి రెండు వారాలు ఆందోళన పెరుగుతుంది, అది సైడ్ ఎఫెక్టు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ, అనే పేరుంది. మందు కంపెనీల మనుషులు బ్యాగు పట్టుకుని మీ గది ముందు నిలబడి చెప్పరు కాబట్టి దాని సంగతి మీదాకా గట్టిగా రాలేదని నా అనుమానం. దానికి శాంపిల్సు లేవు, డైరీలు లేవు, గోవా ట్రిప్పులూ లేవు.

మనోవ్యాధికి మందు లేదని మన సామెత. ఉంది. కాకపోతే అది మా షాపులో దొరకదు.

నిజానికి మనసు బాధ ఒంట్లో కనిపిస్తుందన్న సంగతి మన భాషకి ఎప్పుడో తెలుసు. దుఃఖం వస్తే గుండె చెరువవుతుంది. భయపడితే గుండె జారుతుంది. ఓర్వలేకపోతే కడుపుమంట. బిడ్డ పోతే కడుపుకోత. ఇన్ని మాటలున్న మనుషులు డాక్టరు దగ్గరికొచ్చి "నాకు దిగులుగా ఉంది" అనరు. "నరాల బలహీనతండి" అంటారు. "ఒళ్ళంతా లాగేస్తోంది, అరికాళ్ళు మంటలు, గ్యాస్ పైకి తంతోంది" అంటారు. ఆ మాటకి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కుతుంది, పసుపు రంగు బలం ఇంజక్షన్ పడుతుంది. సాయంత్రానికి కాస్త తేలిగ్గా ఉంటుంది కూడా. ఎందుకుండదు? గంటసేపు మంచం మీద పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని, "ఏం కాదమ్మా, నేనున్నానుగా" అన్నాడు. ఆ సీసాలో పనిచేసింది ఉప్పునీరు కాదని ఆర్ఎంపీకీ తెలుసు. మీరు అతన్ని తిట్టే ముందు ఆ గంట సంగతి ఆలోచించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. మా వీధిలో ఒకావిడకి ఆయాసం, గుండె దడ. ఇంట్లో అత్తగారితో పడదని అందరికీ తెలుసు కాబట్టి ఒక ఆసుపత్రిలో పరీక్షలేమీ లేకుండానే టెన్షన్ అని తేల్చేశారు. మూడు నెలల తర్వాత ఇంకోచోట చూస్తే హిమోగ్లోబిన్ 6, గట్టి రక్తహీనత. ఆడవాళ్ళ విషయంలో ఈ మాట మరీ తొందరగా నోట్లోంచి వస్తుందని కౌంటర్ వెనక నిలబడ్డవాడిగా నాకనిపిస్తుంది. పరీక్షలు చెయ్యండి. ఒకసారి సరిగ్గా చెయ్యండి. బాగున్నాయని తేలాక మళ్ళీ మళ్ళీ అవే చేయించకుండా, అసలు జబ్బుకి వైద్యం మొదలుపెట్టండి.

నిద్ర సంగతికి వస్తాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

2014 మార్చి 1 నుంచి ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల ప్రత్యేక జాబితాలో, ఉంది. రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలిచ్చామో విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడే మత్తుమందుల్లో ఇదీ ఒకటి, కాబట్టి ఆ కట్టడి ఊరికే పెట్టింది కాదు. నా రిజిస్టర్ తిరగేస్తే ఒకే పేరు నెలనెలా కనిపిస్తుంది. 70 దాటిన ఒక రిటైర్డ్ ఉద్యోగి. భార్య పోయిన కొత్తలో నిద్ర పట్టడం లేదంటే ఎవరో పది రోజులకని రాశారు. ఆ పది రోజులు తొమ్మిదేళ్ళయ్యాయి. చీటీ మారేది, డాక్టరు మారేవారు, మాత్ర మారలేదు. చీటీ పాతబడితే నేనూ కళ్ళు మూసుకుని ఇచ్చిన రోజులున్నాయి. ఒక తెల్లవారుజామున బాత్‌రూమ్‌కి లేచి, మత్తులో తూలి పడి, తుంటి ఎముక విరిగింది. పెద్దవయసులో ఈ మాత్రలు వాడితే పడిపోయే ప్రమాదం ఎక్కువని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ తెలిసి ఏం లాభం?

పాత నిద్రలేమికి మొదట చెయ్యాల్సింది మాత్ర కాదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. మొదట నిద్ర కోసం రూపొందించిన సీబీటీ, అది చాలకపోతేనే మందు గురించి ఆలోచన. అందులో ఏముంటుందో రోగులకి చెబితే నమ్మరు. నిద్ర పట్టనివాణ్ణి మంచం మీద తక్కువసేపు పడుకోమంటుంది. ఎనిమిది గంటలు దొర్లితే అయిదు గంటలే నిద్ర పడుతోందా? అయితే పన్నెండింటికి పడుకుని అయిదింటికి లే. రాత్రి ఎలా గడిచినా లేచే టైము మారకూడదు. పగలు కునుకు వద్దు. పడుకున్నాక ఓ ఇరవై నిమిషాల్లో పట్టకపోతే మంచం దిగి ఇంకో గదిలో కూర్చో, కళ్ళు మూతలు పడ్డాకే రా. మంచం కనపడగానే "ఈ రాత్రీ జాగారమే" అని ఒంటికి పడ్డ అలవాటు తప్పాలి కదా, దానికి ఈ తిప్పలు. నిద్ర గట్టిపడ్డాక పావుగంట చొప్పున సమయం పెంచుకుంటూ పోతారు. మొదటి వారం నరకమే. బండి నడిపేవాళ్ళకీ, ఫిట్స్ ఉన్నవాళ్ళకీ జాగ్రత్తగా చెప్పాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాల పని, అంతే. తొమ్మిదేళ్ళు కాదు.

ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదని నాకు తెలుసండి. ఈ ఉత్తరం చదివే రోగులు ఎవరైనా ఉంటే వాళ్ళూ అలా ఆపొద్దు. కొంచెం కొంచెంగా దించాలి, అది మీరు పక్కనుండి చెయ్యాల్సిన పని. నేను అడిగేది మొదటి చీటీ గురించి. మాత్ర పేరు పక్కన ఎప్పుడు ఆపాలో తేదీ రాయండి. ఆ తేదీ దాటితే ఇవ్వనని నేను ధైర్యంగా చెప్పగలను. తేదీ లేకపోతే నా మాట ఎవరు వింటారు?

షుగర్ డాక్టర్లకి ఒక మాట. షుగర్ తగ్గనివాళ్ళలో చాలామంది మందులు వేసుకోనివాళ్ళే. ఎందుకు వేసుకోరు? బద్ధకం అనుకుంటాం. కొడుకు ఫోన్ చెయ్యడు, మోకాళ్ళు నొప్పి, ఎవరి కోసం బతకాలి అన్న మనిషికి మెట్‌ఫార్మిన్ ఒక లెక్కా? మన దేశంలో నాలుగు షుగర్ క్లినిక్కుల్లో 404 మంది మీద ఒక పరిశోధన జరిగింది. ఆ నాలుగింట్లో విశాఖపట్నానిది ఒకటి. షుగర్ అదుపులో లేక, డిప్రెషన్ కూడా ఉన్నవాళ్ళని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదనంగా ఒక కేర్ కోఆర్డినేటర్: ఫోన్ చేసి మాట్లాడటం, మనసెలా ఉందో, మందులెలా ఉన్నాయో అడగడం, ఆ వివరాలు సైకియాట్రిస్టుతో, షుగర్ డాక్టర్‌తో కలిసి చూడటం. రెండేళ్ళ తర్వాత చూస్తే డిప్రెషన్ తగ్గడంతోపాటు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఏదో ఒకటి దారికొచ్చినవాళ్ళు రెండో గుంపులోనే ఎక్కువ. 2020లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు వాళ్ళు. పలకరించే మనిషిని పెట్టారు.

నడుం నొప్పికి, కడుపు ఉబ్బరానికి కూడా ఇలాంటి దారులున్నాయి, త్వరగా చెప్పి వదిలేస్తాను. పాతబడిన నడుం నొప్పికి ముందు మందులు లేని వైద్యం చూడమని అదే అమెరికన్ కాలేజ్ 2017లో చెప్పినప్పుడు ఆ పట్టికలో వ్యాయామంతో పాటు యోగా, మైండ్‌ఫుల్‌నెస్, కండరాలు బిగించి వదిలే రిలాక్సేషన్, సీబీటీ ఉన్నాయి. మా షాపులో నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ అమ్మకం చూస్తే ఆ పట్టిక గోదావరి దాటి ఇటు రాలేదని తెలుస్తుంది. ఏడాదిపాటు మందులు వాడినా లొంగని ఐబీఎస్‌కి, అదే కడుపు నొప్పి, ఉబ్బరం పెట్టే పేగుల జబ్బుకి, సీబీటీ, హిప్నోథెరపీ లాంటివి చూడమని ఇంగ్లండు మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర ఆ రోగి మూడో ఎండోస్కోపీకి వెళ్తున్నాడు.

యోగా అన్నాను కదా, ఇప్పుడు మీరు నన్ను అనుమానంగా చూస్తుంటారు. చూడండి, నేనూ మీ వైపే. టీవీలో పొద్దున్నే ప్రాణాయామం చూసి బీపీ మాత్ర మానేసిన ఒకాయన మా కౌంటర్ ముందే కళ్ళు తిరిగి కూలబడ్డాడు. కొలిస్తే పైది 210. ఇన్సులిన్ ఆపెయ్యండి, క్యాన్సర్ మాయమవుతుంది అనే స్వాములకి నేను దణ్ణం పెట్టను. అలాంటివాళ్ళ నోట్లో పడి చెడ్డపేరు తెచ్చుకున్న మంచి పద్ధతులివి.

మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో దాదాపు 4,000 మంది గుండెపోటు రోగుల మీద యోగా-కేర్ అనే ట్రయల్ చేశారు. మూడు నెలల్లో 13 తరగతులు: తేలికపాటి ఆసనాలు, ఊపిరి, ధ్యానం. మందులు మామూలే. మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, చావు, అత్యవసరంగా ఆసుపత్రి పాలవడం తగ్గాయా అని చూస్తే, నమ్మకంగా చెప్పగలిగినంత తేడా రాలేదు. కానీ యోగా చేసినవాళ్ళు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, గుండెపోటుకి ముందు చేసుకునే పనుల్లోకి మిగతావాళ్ళకన్నా బాగా తిరిగి వెళ్ళారు. నాకు ఈ ట్రయల్ అంటే గౌరవం. లేనిది ఉందనలేదు, ఉన్నదాన్ని తక్కువ చెయ్యలేదు. గుండెపోటు వచ్చాక మంచం దిగాలంటే భయపడే మనిషి మళ్ళీ పొలం గట్టు మీద నడవడం చిన్న విషయమా? నాన్నకి రెండోసారి రావడానికి ముందు నాలుగు నెలలు ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఊపిరి గురించి ఇంకొక్క ముచ్చట. 2001లో ఇటలీ పరిశోధకులు రోమన్ క్యాథలిక్కులు జపమాల తిప్పుతూ లాటిన్‌లో చెప్పే ప్రార్థననీ, "ఓం మణి పద్మే ఓం" అనే మంత్రాన్నీ మనుషుల చేత చెప్పించి కొలిచారు. రెండూ ఊపిరిని నిమిషానికి ఆరింటి దగ్గరికి తెచ్చాయి. ఆ వేగంలో గుండె లయ, బీపీని సరిచేసే నరాల స్పందన మెరుగుపడ్డాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఇరవై చిల్లర మంది మీద చేసిన చిన్న పరిశోధనే. అది చదివి, మా అమ్మ లలిత చదువుకుంటుంటే గడియారం పట్టుకుని పక్కన కూర్చున్నాను. నిమిషానికి ఏడో ఎనిమిదో వచ్చాయి. "ఏం లెక్కపెడుతున్నావురా?" అంది. అయిదు సెకన్లు లోపలికి, అయిదు సెకన్లు బయటికి అని చీటీ మీద రాయడానికి మతం అడ్డురాదండి. చర్చికి వెళ్ళేవాళ్ళకీ, మసీదుకి వెళ్ళేవాళ్ళకీ, ఏ గుడికీ వెళ్ళనివాళ్ళకీ ఊపిరి ఒకటే.

ఇప్పుడు మీ జవాబు నాకు తెలుసు. టైమెక్కడుంది? నిజం. ప్రపంచమంతా డాక్టర్లు రోగితో ఎంతసేపు గడుపుతారో 2017లో లెక్క తీస్తే బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22న్నర నిమిషాలు వచ్చింది. మన దేశానిది రెండు నిమిషాల చిల్లర. మీ గది బయట టోకెన్ల గోల నేను చూశాను. ఆ పని మీరే చెయ్యాలని ఎవరూ అనడం లేదు. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏం చేశారో వినండి. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, అక్కడి సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికుల్ని తీసుకుని శిక్షణ ఇచ్చారు. వాళ్ళు గట్టి డిప్రెషన్ ఉన్నవాళ్ళతో వారానికోసారి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చున్నారు. పెద్ద తత్వం ఏమీ లేదు: మానేసిన పనుల్ని చిన్న చిన్నగా మళ్ళీ మొదలుపెట్టించడం, సమస్యని ముక్కలు చేసి ఒక్కో ముక్కా పరిష్కరించుకోవడం. మూడు నెలలకి కోలుకున్నవాళ్ళు నూటికి 64 మంది. అది దొరకనివాళ్ళలో 39. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఉంది.

గోవా సంగతి మనకెందుకంటారా? జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు మా పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్ళని గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపే పని చేయించారు. ఆశాలు చేశారు. గర్భిణి బీపీ అడిగిన నోటితోనే "రాత్రి నిద్ర పడుతోందా, బతకాలనిపిస్తోందా" అని అడిగారు. మనవాళ్ళకి చేతకాదన్న మాట ఆ ఊళ్ళలో చెల్లదు.

నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. రిపోర్టులు బాగున్నప్పుడు "ఏమీ లేదు" అనకండి. "గుండెకి ఏమీ లేదు, కానీ మీ దడ నిజం, అది ఇలా వస్తుంది" అనండి. మీరూ ఒక గుండ్రం గీయండి, ముప్ఫై సెకన్ల పని. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఎవరో కనుక్కుని, గుండె డాక్టర్‌కి రెఫర్ చేసినట్టే వాళ్ళకీ రెఫర్ చెయ్యండి. మీ క్లినిక్‌లో ఒక నర్సమ్మకో కాంపౌండర్‌కో ఊపిరి, రిలాక్సేషన్, నిద్ర నియమాలు నేర్పించండి. ఇన్సులిన్ సూది ఎలా గుచ్చుకోవాలో నేర్పిస్తున్నది వాళ్ళేగా. మీ డాక్టర్ల సంఘం ఐఎంఏ మీటింగుల్లో కొత్త మాత్ర గురించి స్లైడ్లు వేస్తారు, ఒక్కసారి సైకాలజిస్టుని పిలిచి గంట మాట్లాడించండి. భోజనాల ఖర్చు మా ఊరి మందుల షాపులవాళ్ళం పెట్టుకుంటాం. ఇది మాటవరసకి అనడం లేదు.

డబ్బు లేనివాళ్ళకి, బస్సెక్కి సిటీకి వెళ్ళలేనివాళ్ళకి 14416 ఉంది. టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మా కౌంటర్ అద్దానికి ఆ నంబరు అంటించి నాలుగేళ్ళ కింది చొక్కాల ప్రకటన పీకేశాను. అయినా అందరూ దాన్ని ఏదో స్కీమ్ అనుకుని వదిలేస్తున్నారు. షాపువాడు అంటించిన కాగితానికి అంతే విలువ. అదే అయిదంకెలు మీ సంతకం పైన, మాత్రల వరసలో, "రాత్రి భోజనం తర్వాత ఫోన్ చేయాలి" అని ఉంటే చేస్తారు. మీరు రాసిందల్లా చేస్తారు వాళ్ళు. రాయనిదే నన్ను అడుగుతున్నారు.

చీటీ మీద చోటు లేకపోతే వెనక రాయండి. నేను తిప్పి చూస్తాను.

ఇట్లు,
ఒక మందుల షాపు ఫార్మసిస్టు,
పశ్చిమ గోదావరి జిల్లా